నల్లా రోజు అడిగిన ప్రశ్నలు

ఆ రోజు నల్లా మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు వచ్చింది. ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, అది మా వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసి ఉంది. రాసింది నేను. అంతకు ముందు పదకొండేళ్లు ఆ పని మా ఆయన చేసేవారు.

ఫలక్‌నుమా స్టేషన్ వెనక మా గల్లీలకు నల్లా, అంటే కుళాయి నీళ్లు, రోజు విడిచి రోజు వస్తుంది. ఏ వేళకు వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మా ఆయన ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు. నీళ్లు వచ్చిన వేళను ఆ తేదీ గడిలో రాసి పెట్టి, నెలాఖరున అవన్నీ చూసి వచ్చే నెల ఎప్పుడు రావచ్చో చెప్పేవారు. చాలాసార్లు తప్పేది. తప్పినప్పుడు, "ఇంకొన్నాళ్లు రాస్తే తేలుతుంది" అనేవారు. ఆయన పోయాక నేను రాయడం మొదలుపెట్టాను. అందులో ఓదార్పేమీ లేదు. గడి ఖాళీగా ఉంటే చూడలేకపోయాను.

ఒక నివేదిక మీద సంతకం పెట్టనని నేను మొండికేసినప్పుడు, నా చేతిలో ఉన్న ఆధారం ఆ పెన్సిల్ రాతలే.

నేను ఒక మహిళా డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. పరిశోధనా పద్ధతుల పేపర్ చెప్పడానికి ఎవరూ ముందుకు రారు కాబట్టి అది ఏళ్ల తరబడి నాకే వస్తోంది. అందులో సహసంబంధం అనే పాఠం ఉంది. రెండు విషయాలు కలిసి పెరుగుతున్నా, ఒకటి పెరిగేకొద్దీ ఇంకొకటి తగ్గుతున్నా వాటి మధ్య సహసంబంధం ఉందంటాం. అంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం అనలేం. పిల్లలకు ఇలా చెబుతాను: రంజాన్ నెలలో మన వీధుల్లో హలీం బట్టీలు పెరుగుతాయి, మధ్యాహ్నం కునుకు తీసే మనుషులూ పెరుగుతారు. మరి బట్టీల వల్ల కునుకు వస్తోందా? నవ్వుతారు. రోజా ఉన్నవాళ్లు తెల్లవారకముందే లేస్తారు, పొద్దుగూకే దాకా తినరు. రెండింటి వెనకా ఉన్న మూడో సంగతి అదే. పరీక్షలో అందరూ సరిగ్గానే రాస్తారు. నేనూ ఆ పాఠం నేర్చుకున్నాననే అనుకునేదాన్ని.

మా ఆయన ఒక ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ కూలిపోయారు. ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ రాయను. కర్మలయ్యాయి. చుట్టాలు గుంటూరు వైపు బస్సులెక్కారు. నేను కాలేజీకి వెళ్లాను, వచ్చాను. ఎవరడిగినా "బాగానే ఉన్నాను" అన్నాను.

మా గల్లీ మొదట్లో ఒక మేడమీద మగ్గం పని గది ఉంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, దాని చుట్టూ కింద కూర్చుని, ఆడవాళ్లు జాకెట్ల మీదా దుపట్టాల మీదా పూసలూ జరీ కుడతారు. గది అద్దె ఒక సంస్థ కడుతుంది. గదిని నడిపేది కార్వాన్‌లో పుట్టి ఈ గల్లీకి కోడలిగా వచ్చిన ఒక యాభై ఏళ్ల మనిషి. తెలుగువాళ్లు ఆమెను అక్క అంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఆపా అంటారు. ఒకరోజు నేను కాలేజీ నుంచి వస్తుంటే మెట్ల దగ్గర నిలబెట్టింది.

"ఏం మేడమ్, ఇంట్ల గోడలతోని ఎంతసేపు ముచ్చట పెడ్తవ్. మీదికి రా."

"నాకు కుట్టడం రాదు."

"కుట్టుమని ఎవలన్నరు. పూసలు ఏరనీకి గూడ పీహెచ్‌డీ గావాల్నా."

వెళ్లాను. సైజులవారీగా పూసలు ఏరి గిన్నెల్లో వేయడం నా పని. ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది: అక్కడ విన్నది మెట్లు దిగకూడదు. మూడో వారం అనుకుంటాను, ఒకామె తన భర్త గురక గురించి తిడుతుంటే నాకు ఏడుపు వచ్చింది. ఎవరూ పని ఆపలేదు. పక్కనున్నామె నా ఒళ్లోని పూసల పళ్లెం తీసి కింద పెట్టింది, ఒలికిపోతాయని. ఎవరూ ఏమీ అడగలేదు. రోజు విడిచి మళ్లీ వెళ్లాను.

మా ఆడపడుచు ఫోన్లో ఒకసారి అంది. "ఆ గదికి పోవడం మొదలుపెట్టాకే నువ్వు ఏడుస్తున్నావు వదినా. అంతకుముందు ఎంత ధైర్యంగా ఉన్నావు. మానెయ్యి."

"ఏడవడానికే వెళ్తున్నాను" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ రోజు నెలల తర్వాత ఒక నిజం చెప్పినట్టనిపించింది.

ఆ సంస్థవాళ్లు గది వల్ల ఆడవాళ్లకు మేలు జరుగుతోందా లేదా తెలుసుకోవాలనుకున్నారు. పని ఒక పెద్ద ప్రొఫెసర్‌కు అప్పగించారు. ఆయన నాకు ఒకప్పుడు పాఠం చెప్పినవారు. గల్లీలు తెలిసినదాన్నని నన్ను కలుపుకున్నారు. నేనూ ఆ గదికి వెళ్తుంటానని ముందే చెప్పాను. "ఇంకా మంచిదే కదమ్మా, నీతో మనసు విప్పి మాట్లాడతారు" అన్నారు. అక్కడే తప్పుకోవాల్సింది. తప్పుకోలేదు.

గదికి వచ్చేవాళ్లనూ, అదే పని ఇంట్లోనే చేసుకునేవాళ్లనూ ఒకే ప్రశ్నలు అడగాలి. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, ఊరికే ఏడుపు వస్తోందా, చేసే పని మీద మనసు నిలుస్తోందా. జవాబులకు అంకెలున్నాయి. మొత్తం ఎంత ఎక్కువైతే మనిషి అంత కుంగి ఉన్నట్టు.

ఇంట్లో ఉండేవాళ్లు ఎప్పుడు దొరుకుతారు అన్నారు సార్. దీనికి నా దగ్గర సమాధానం ఉంది. నల్లా రోజున పాతబస్తీలో ఏ ఆడదీ గడప దాటదు. కాబట్టి ఇళ్లలో వాళ్లను నల్లా రోజుల్లో అడుగుదాం. ఆ రోజుల్లో గది ఎలాగూ ఖాళీ. గదిలో వాళ్లను నీళ్లు రాని రోజుల్లో అడుగుదాం. ఆయన మెచ్చుకున్నారు. నేను కూడా నన్ను మెచ్చుకున్నాను.

మూడూ నలభైకి నల్లా వచ్చిన ఆ మధ్యాహ్నం నేనొక ఇంటి గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ముందుగా సమ్మతి పత్రం చదవాలి. మీ పేరు ఎక్కడా రాయం, నంబరు మాత్రమే ఉంటుంది. జవాబు చెప్పకపోయినా మీకు నష్టం లేదు. ఇచ్చిన జవాబులు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, వెనక్కి తీసుకోవచ్చు. ఇంటి కోడలు ఒక చేత్తో పైపు పట్టుకుని, ఇంకో చేయి కొంగుకు తుడుచుకుంటోంది.

"సంతకం ఏడ పెట్టాలె జెప్పు మేడమ్. నీళ్లు పోతయ్."

నేను చివరి రెండు వాక్యాలూ ఊపిరి తీసుకోకుండా చదివేశాను. ఆమె సంతకం పెట్టింది. కాగితం మూల తడిసింది.

"ఈ రెండు వారాల్లో నిద్ర సరిగా పడుతోందా?"

"మస్తు పడ్తది. రాసుకో."

"ఊరికే ఏడుపు వస్తున్నట్టు ఉంటోందా?"

జవాబు లోపల్నుంచి వచ్చింది. అత్తగారు డ్రమ్ముల వెనక పీట మీద కూర్చుని ఉంది. "ఏడుపు గిట్ల ఏం లేదు మా ఇంట్ల. ఏడ్వనీకి టైమేది."

"ఆమెను చెప్పనివ్వండి పెద్దమ్మా."

"ఆమె చెప్పినా గదే చెప్తది. అడుగు కావాలంటే."

"గంతే మేడమ్" అంది కోడలు. "అన్ని మంచిగనే ఉన్నయని పెట్టు. నీకు గూడ ఇంటికాడ నల్లా వచ్చె గదా, నువ్వెట్ల వచ్చినవ్?"

మా ఇంట్లో ఒక్క మనిషికి రెండు బిందెలు చాలని చెప్పలేదు. ఏడు నిమిషాల్లో ఫారం నిండింది. వెళ్తూ సమ్మతి పత్రం నకలు ఇచ్చాను. దాని మీద ఆమె నంబరు ఉంది. ఇంటికెళ్లి క్యాలెండర్ మీద టైము రాశాను.

గదిలో అడగడం వేరు. ఒక్కో ఫారానికి గంట పట్టేది. చేతులు కుడుతూనే ఉండేవి. దుపట్టా మీద నెమలి కుడుతున్న ఒకామెను అడిగాను.

"చేసే పని మీద మనసు నిలుస్తోందా?"

"నిలువకపోతే గీ నెమలి కన్ను నేనెట్ల కుట్టిన, చూడు." కొంచెం సేపు కుట్టింది. "ఇంట్ల మాత్రం కూరల ఉప్పేసిన్నో లేదో యాదుండది. రెండుసార్లేస్త, లేకుంటే ఏయనే ఏయ. మా ఆయన తినేదాంక నాకు దెల్వది."

"ఆయన ఏమంటాడు?"

"నోటితోని ఏమనడు, పళ్లెం విసురుతడు." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "గదేదో పెద్ద అంకె ఉంటదంటివి గద, గదే రాసుకో" అంది.

నేను కూడా ఒక ఫారం నింపి చూసుకున్నాను. దాన్ని లెక్కలో కలపలేదు, కలపకూడదు. నా మొత్తం గదిలో అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ల దగ్గర్లో ఉంది. ఇదే ఫారం మా ఆడపడుచు ముందు నింపితే ఎంత వచ్చేదో కూడా నాకు తెలుసు.

నెల తర్వాత సార్ పిలిచారు. నివేదిక ముసాయిదా బల్ల మీద ఉంది. గదికి వచ్చే ఆడవాళ్లు ఇంట్లో పనిచేసుకునేవాళ్ల కంటే ఎక్కువ కుంగి ఉన్నారు. గదికి వచ్చి ఎక్కువ నెలలైనవాళ్లు ఇంకా ఎక్కువ. చివరి పేజీలో సూచన: గదిని మూసి, పని ఇళ్లకే పంపడం మేలు.

"సార్, ఇది సహసంబంధం. కారణం కాదు."

"తెలుసమ్మా. పరిమితులు అనే చోట ఆ ముక్క రాద్దాం."

"గదికి తాళం పడ్డాక ఆ ముక్క ఎవరు చదువుతారు? కుంగినవాళ్లే గది వెతుక్కుని వస్తుండొచ్చు కదా. ఆసుపత్రిలో జబ్బుపడినవాళ్లు ఎక్కువున్నారని ఆసుపత్రి మూస్తామా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు ఆ గదికి బాగా దగ్గరయ్యావు. ఇప్పుడు నువ్వున్న పరిస్థితిలో అది సహజం. అందుకే నీ మాట నేను పూర్తిగా తీసుకోలేను."

భర్త పోయిన మనిషి చూపు చెదిరి ఉంటుందని ఆయన ఉద్దేశం. నింపిన ఫారాల నకళ్లు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ప్రతి దాని మీదా తేదీ ఉంది, నేను మొదలుపెట్టిన టైమూ ముగించిన టైమూ ఉన్నాయి. టైము రాయడం మా ఇంటి అలవాటు.

క్యాలెండర్ గోడ నుంచి తీసి నేల మీద పరిచాను. ఇంటి ఫారాలన్నీ ఒక పక్క, గది ఫారాలన్నీ ఒక పక్క పెట్టాను. ఇంటి ఫారాల తేదీలన్నిటికీ గడుల్లో నా పెన్సిల్ రాతలున్నాయి: పొద్దున పదీ ఐదు, సాయంత్రం ఐదున్నర, మూడూ నలభై. గది ఫారాల తేదీలకు గడులన్నీ ఖాళీ. ఇళ్లలో ఏడెనిమిది నిమిషాలు, గదిలో గంట, గదికి పాతవాళ్లయితే ఇంకా ఎక్కువ. నేను పోల్చింది గదినీ ఇంటినీ కాదు. నీళ్లు పడుతున్న ఆడదాన్నీ, తీరిగ్గా కూర్చున్న ఆడదాన్నీ పోల్చాను. హలీం బట్టీల పాఠం అన్నేళ్లు చెప్పినదాన్ని, మూడో సంగతిని నా చేత్తోనే తెచ్చి మధ్యలో పెట్టాను. పైగా దానికి మెప్పు పొందాను.

సిగ్గు వేసింది. ఆ సిగ్గుతో నేను మెత్తబడలేదు. అప్పటిదాకా నాది గది మీద అభిమానం అంటే ఒప్పుకునేదాన్నేమో. ఇప్పుడు తేదీలున్నాయి.

మర్నాడు నకళ్లు తిరిగిచ్చేసి, చుట్టి తెచ్చిన క్యాలెండర్ సార్ బల్ల మీద విప్పాను. ఆయన చాలాసేపు చూశారు. అర్థమైంది. ఆయనకు అర్థం కాకపోవడమనేది ఉండదు.

"మళ్లీ అడగాలి సార్. ఇళ్లలోనూ నీళ్లు రాని రోజునే, పక్కన ఎవరూ లేకుండా."

"వ్యవధి లేదమ్మా. వచ్చే వారం ఇవ్వాలి."

"అయితే తప్పు నాదని రాసిస్తాను. నివేదికలో పెట్టండి."

"నీ తప్పని నువ్వే రాసుకుంటే రేపు ఎవరు పని ఇస్తారు నీకు?"

"ఇవ్వకపోతే పూసలు ఏరుకుంటాను."

"సంతకం?"

"పెట్టను. నిన్న మీరు నా పరిస్థితి అన్నారు. ఈ రాతలు మా ఆయన మొదలుపెట్టినవి. నేను ఏడుస్తూ రాసినా, నవ్వుతూ రాసినా మూడూ నలభై మూడూ నలభయ్యే సార్."

నీ సంతకం లేకుండానే పంపుతానన్నారు. కోపంగా అనలేదు.

గదికి వెళ్లి జరిగింది చెప్పాను. దాచడానికి నాకు హక్కు లేదనిపించింది. వాళ్ల ఏడుపు తీసుకెళ్లింది నేనే. నెమలి కన్ను కుట్టినామె మొదట మాట్లాడింది.

"అంటే మేం ఏడ్చింది రాసుకపోయి, మా తలుపుకే తాళం జేసినవ్."

"అవును."

"మెట్లు దిగొద్దంటిమి గదా మేడమ్."

అక్క చట్రం అవతలి నుంచి నన్నే చూస్తోంది. సంచిలోంచి సమ్మతి పత్రం తీశాను. మళ్లీ చదవనా అని అడిగాను. ఎవరూ వద్దనలేదు. ఈసారి ఒక్కో వాక్యం దగ్గరా ఆగి చదివాను. ఉర్దూలో అక్క చెప్పింది. చివరి వాక్యం దగ్గర ఒకామె చెయ్యెత్తింది.

"అంటే నాది నాకు ఇచ్చెయ్యాల్నా?"

"అడిగితే ఇవ్వాలి."

"ఎందుకని అడగరా?"

"అడగకూడదు."

"మరి గిది ముందుగల్ల ఎందుకు చెప్పలే?"

"చెప్పాను. గబగబా చెప్పాను."

అక్క నవ్వింది, కానీ నన్ను వదిలేసే నవ్వు కాదు. "ఇప్పుడు ఏం జెయ్యమంటవ్?"

"ఏమీ చేయమని చెప్పను. తీసుకోమని నేను చెబితే అది ఇంకో తప్పు. తీసుకోవచ్చని మాత్రం చెబుతున్నాను."

"చెప్పుడు చెప్తవ్, చెప్పలేదంటవ్. మస్తు చదివినవ్ నువ్వు" అంది అక్క. తర్వాత అందరివైపూ తిరిగింది. "నకల్ కాగితాలు ఎవలెవల కాడ ఉన్నయో ఎతకండ్రి."

ఉన్నాయి. రేషన్ కార్డుల మధ్య, బియ్యం డబ్బా కింద, ఒకరిది పెళ్లి ఫోటో వెనక. ఇళ్లలో పనిచేసుకునేవాళ్ల దగ్గరికి కూడా అక్క వెళ్లింది. నేను వెళ్లలేదు.

నీళ్లు రాని ఒక మంగళవారం, ఫలక్‌నుమాలో లోకల్ రైలెక్కి వాళ్లు సార్ ఆఫీసుకు వెళ్లారు. నేను వెంట వెళ్లకూడదనుకున్నాను. అక్క ఊరుకోలేదు. "పాపం జేసినోళ్లు దూరం నిలబడొద్దు" అంది. వరండాలో ఒక పక్క నిలబడ్డాను. చీరలూ బురఖాలూ కలిసి వరండా నిండింది. పేర్లు చెప్పనక్కర్లేదని అక్క అందరికీ నేర్పింది. ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వెళ్లి నంబరు చెప్పారు.

సార్ మొదట నావైపు చూశారు. తర్వాత సమ్మతి పత్రం చదువుకున్నారు. ఆ చివరి వాక్యం రాసింది ఆయనే. పరిశోధనలకు అనుమతిచ్చే నీతి సంఘం ముందు దాని గురించి గట్టిగా వాదించిందీ ఆయనే, నాకు తెలుసు. ఆయన చెడ్డ మనిషి కాదు. బీరువా తెరిచి ఫైలు తీసి, నంబరు చూసి, కాగితం చేతికిచ్చారు. ఎందుకని ఎవరినీ అడగలేదు.

మధ్యలో డ్రమ్ముల వెనక పీట మీద కూర్చున్న ఆ అత్తగారు వచ్చింది, కోడలి భుజం పట్టుకుని.

"దానిది దానికిచ్చినవ్. నాది?"

"మీ నంబరెంతమ్మా?"

"నాకు నంబరేడిది. కానీ అండ్ల జవాబులు నావి."

వరండా అంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. కోడలు నవ్వలేదు. తన కాగితం రెండుగా మడిచి జాకెట్లో పెట్టుకుని, మెల్లగా అత్తతో అంది, "ఈసారి అడిగితే నేనే చెప్త."

వచ్చినవాళ్లలో ఒక్కామె మాత్రం తనది వెనక్కి తీసుకోలేదు. నెమలి కన్ను కుట్టినామె. "నాది ఉండనీ. నేను చెప్పింది అబద్ధం గాదు. ఎవలన్న చదివితే చదువనీ" అంది. అక్క ఏమో అనబోతే వద్దన్నాను. అదీ ఆమె హక్కే.

ఆమెదీ, ఆ రోజు రానివాళ్లవీ కలిపి మిగిలిన నాలుగైదు కాగితాలతో నివేదిక రాయడం కుదరలేదు. సంస్థ గది అద్దెను ఇంకో ఏడాదికి పొడిగించింది. ఆ తర్వాత సంగతి తెలియదు. సార్ మళ్లీ ఫోన్ చేయలేదు. కాలేజీలో అప్పటిదాకా నేను చూసిన విద్యార్థినుల ప్రాజెక్టుల బాధ్యత ఈ ఏడాది వేరొకరికి ఇచ్చారు. కారణం అడిగితే "మీకు విశ్రాంతి కావాలి" అన్నారు. నాకు విశ్రాంతి వద్దని రాతపూర్వకంగా ఇచ్చాను. జవాబు రాలేదు. మళ్లీ ఇచ్చాను.

గదిలో కొందరు నాతో మునుపటిలా మాట్లాడటానికి చాలా వారాలు పట్టింది. ఒకామె ఇప్పటికీ నేనుంటే కొన్ని మాటలు ఆపుకుంటుంది. ఆపుకోవాలి కూడా. తిరిగొచ్చిన ఫారాల్లో ఒకదాని వెనకవైపు అక్క కొత్త డిజైను గీసింది. అందులో నేను అర్థం వెతకను. కాగితం మందంగా ఉంది, అంతే.

ఆడపడుచు ఇంకా ఫోన్ చేస్తుంది. ఆ గది మానేశావా అని అడుగుతుంది. లేదంటాను. ఇంకా ఏడుస్తున్నావా అంటుంది. ఏడుస్తున్నానంటాను. ఆ రెండింటినీ ఆమె ఎలా కలుపుకున్నా నేనేమీ చేయలేను.

ఈ రోజు నల్లా పొద్దున తొమ్మిదీ పదికి వచ్చింది. రెండు బిందెలు పట్టుకుని, గడిలో టైము రాసి, ఇంట్లోనే కూర్చున్నాను. నల్లా రోజున నేనిప్పుడు ఎవరి తలుపూ తట్టడం లేదు.